సరుకులపై నల్లని గీతలు

సబ్బుబిళ్ల మీదను, పాలపొడి డబ్బా మీదను, బిస్కత్తు పొట్లము మీదను నేడు మనము నల్లని నిలువుగీతల వరుసను చూచుచున్నాము. అంగడిలో గుమాస్తా దానిని యంత్రము ముందు పట్టగానే చిన్న కూత వినబడును. వెల తెరపై కనబడును. ఆ గీతలలో వెల వ్రాసియున్నదని మనలో పలువురి నమ్మకము. అది నిజము కాదు. ఆ గుర్తు పుట్టుపూర్వోత్తరములు తెలిసినచో అందేమున్నదో తెలియును.

1948లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున, డ్రెక్సెల్ విద్యాలయమునకు ఒక కిరాణా వర్తకసంస్థ అధ్యక్షుడు వచ్చి, సరుకుల వివరములు వాటంతట అవే నమోదగు ఉపాయము కావలెనని కోరెను. ఆ మాట బెర్నార్డు సిల్వరు అను విద్యార్థి చెవిని పడెను. అతడు మిత్రుడైన నార్మన్ జోసెఫ్ ఉడ్‌లాండుకు చెప్పెను. ఉడ్‌లాండు మయామీ తీరమున ఇసుకలో కూర్చుండి, తాను బాలచరుడుగా నేర్చిన టెలిగ్రాఫు సంకేతములను వ్రాసి, వ్రేళ్లతో క్రిందికి లాగెను. చుక్క సన్నని గీత ఆయెను. అడ్డగీత వెడల్పు పట్టీ ఆయెను.

1952 అక్టోబరు 7న వారికి పేటెంటు లభించెను. కాని వారి యంత్రమునకు 500 వాట్ల దీపము కావలసివచ్చెను. ఆ వేడికి కాగితము పొగలెత్తెను. 1960లో లేసరు కిరణము వెలసి, గణకయంత్రములు చవుక యగువరకు ఆ ఊహ వేచియుండవలసి వచ్చినది. సిల్వరు 1963లోనే మరణించెను. తన శ్రమకు ఫలమును చూడలేదు.

మొదట తలపెట్టిన వలయాకారపు గుర్తులు అచ్చులో సిరా ప్రాకి చెడుచుండెను. ఐ.బి.ఎం. సంస్థలో జార్జి లారరు నిలువుగీతల గుర్తును రూపొందించగా, 1973 ఏప్రిల్ 3న అమెరికా కిరాణా పరిశ్రమ దానిని ఆమోదించెను. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రమందలి ట్రాయ్ పట్టణమున ఒక చూయింగు గమ్ము పొట్లముతో దాని వాడుక ఆరంభమైనది. వెల 67 సెంట్లు.

ఆ గుర్తులో 12 అంకెలు గలవు. ఒక్కొక్క అంకెకు రెండు నల్లగీతలు, రెండు తెల్లని ఎడములు. వాటి మొత్తము వెడల్పు ఏడు పాళ్లు. ఎడమసగమునకు, కుడిసగమునకు పోలిక వేరగుటచే పొట్లమును తలక్రిందుగా పట్టినను యంత్రము పొరబడదు. కడపటి అంకె కావలివాడు. బేసి స్థానముల అంకెల మొత్తమును మూడుచే గుణించి, సరి స్థానముల అంకెలను ఈ కడపటి దానితోసహా కలిపినచో, వచ్చు మొత్తము పదిచే నిశ్శేషముగా భాగింపబడవలెను. లేనిచో యంత్రము ఆ గుర్తును నిరాకరించును.

మన సరుకులపై సాధారణముగా 13 అంకెలుండును. 890తో ఆరంభమైనచో ఆ సంఖ్య భారతదేశపు నమోదుసంస్థ ఇచ్చినదని అర్థము. సరుకు ఇచ్చటనే తయారైనదని కాదు.

మరి వెల ఎచ్చట నున్నది? అంగడివాని గణకయంత్రములో నున్నది. గీతలు సరుకు సంఖ్యను చెప్పును. ఆ సంఖ్యకెదురుగా అతడు వ్రాసికొన్న వెలను యంత్రము చదువును. అమెరికాలో అంగళ్లవారు ఒక్కొక్క సరుకుపై వెలచీటి అంటించుట మానదలచినపుడు కొనుగోలుదారులు ఆక్షేపించిరి. కొన్ని రాష్ట్రములు చీటి ఉండవలెనని శాసనములు చేసెను. మన దేశమున పొట్లముపై గరిష్ఠ చిల్లర ధరను ముద్రింపవలెనని నిబంధన గలదు. ఆ అక్షరములను చదువుటకు మనకు లేసరు అక్కరలేదు. యంత్రము సంఖ్యను తప్పు చదువకున్నను, దాని కెదుట వెలను వ్రాసిన చేయి తప్పవచ్చును. కావున సంచి చేతబట్టి గడప దాటకముందే చీటీని, పొట్లమును సరిచూచుకొందము.