కాన్వెంటు బడి, మిషన్ బడి



2016 అక్టోబర్ 11న మన పాలమూరు జిల్లా విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రాలయ్యాయి. అప్పటి నుండి ఉద్యోగాల మీద ఆ పట్టణాలకు వెళ్లే కుటుంబాలు మన సంఘాల్లో ఎక్కువయ్యాయి. అద్దె ఇల్లు దొరికిందని మాకు ఫోను చేసి చెప్తారు, ఆ వెంటనే అడుగుతారు: "అయ్యగారూ, ఇక్కడ ఆర్‌సీఎం వాళ్ల స్కూల్ చూశాం. పిల్లల్ని అందులో వేయొచ్చా? సంఘంలో ఎవరైనా ఏమైనా అనుకుంటారా?"

ఔననో కాదనో చెప్పే ముందు, ఈ బడులు మన దగ్గరికి ఏ దారిన వచ్చాయో తెలుసుకోవడం మంచిది.

కాన్వెంట్ అంటే అసలు మఠకన్యలు కలిసి నివసించే ఇల్లు. ఇటలీలోని టూరిన్ నుండి సెయింట్ ఆన్స్ సిస్టర్లు సికింద్రాబాద్‌కు వచ్చి 1871లో బడి పెట్టారు. అది ఇంగ్లీషు దండు ఉన్న చోటు. ఆ సిపాయిల్లో ఐర్లాండు నుండి వచ్చిన కతోలికులు ఉండేవారు, వాళ్లకు పిల్లలుండేవారు. అలా కాన్వెంటు చదువంటే ఇంగ్లీషు చదువని జనం మనసులో పడిపోయింది. ఈ రోజు మన ఊళ్లలో ఏ ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడినైనా కాన్వెంటనే అంటారు. బోర్డు మీద ‘సెయింట్’ అని ఉన్నంత మాత్రాన లోపల సిస్టర్లు ఉన్నట్టు కాదు. కొన్ని చోట్ల ఆ పరిశుద్ధుడెవరో యజమానికే తెలియదు! కాబట్టి ముందుగా విచారించవలసింది, ఆ బడి నిజంగా మేత్రాసనానిదా, సిస్టర్ల సభదా, లేక పేరు మాత్రమేనా అని.

మన పల్లెలకు చదువు వచ్చిన దారి వేరు. నిజాం రాజ్యంలో పాలన ఉర్దూలో నడిచేది, 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. గద్వాల, వనపర్తి సంస్థానాల కింద ఉండేవి. మాల మాదిగ వాడల పిల్లలకు పలక పట్టించాలని తలచిన వారు బహు తక్కువ. అటువంటి కాలంలో 1899లో అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీ ఎన్. ఎన్. హీబర్ట్ హైదరాబాద్ వచ్చారు. 1904లో వచ్చిన డి. ఎఫ్. బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూల్‌లో మిషన్ కేంద్రాన్ని కట్టారు. తరువాత వనపర్తిలోనూ కేంద్రం ఏర్పడింది. గద్వాలలో మొదట పనిచేసినది అమెరికన్ బాప్టిస్టు మిషన్, 1937లో ఆ పొలం మెన్నొనైట్ బ్రదరెన్ చేతికి వచ్చింది.

బాప్తిస్మం పొందినవాడు తెలుగు బైబిలు తానే చదువుకోవాలి, చదవాలంటే అక్షరం రావాలి. అందుచేత మన దగ్గర మందిరమూ బడీ జంటగా పుట్టాయి. బోర్డింగు హాస్టళ్లు వచ్చాయి. వాటిలో చదివినవారే పల్లెల్లో పంతుళ్లు, ఉపదేశులు అయ్యారు. 1920లో నాగర్‌కర్నూల్‌లో బైబిలు బడి మొదలై తరువాత శంషాబాద్‌కు మారింది. మన సంఘాల్లో తాతల కాలపు చదువు గురించి అడిగితే ‘మిషన్ కాంపౌండ్’ అనే మాట రాకుండా కథ ముగియదు.

ఒక సంగతి చెప్పాలి. ఆ మిషనరీ దొరల పిల్లల్లో చాలామంది ఇక్కడి బడుల్లో చదవలేదు. వాళ్లను దూరాన ఉన్న కొడైకెనాల్ బోర్డింగు బడికి పంపేవారు. కొత్త చోటికి వెళ్లినప్పుడు పిల్లల చదువు ఎక్కడ అనే బాధ వాళ్లకూ ఉండింది. మాకైతే వాళ్లను తప్పుపట్టాలని లేదు. కానీ మన పిల్లలకు ఒక బడి, తమ పిల్లలకు ఒక బడి అయింది గదా, అది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇక కతోలికుల మాట. అమెరికాలో 1884 బాల్టిమోర్ సభలో బిషప్పులు, ప్రతి గుడి పక్కన ఒక బడి ఉండాలని, తల్లిదండ్రులు పిల్లలను అందులోకే పంపాలని తీర్మానించారు. విచారణ బడి అంటే అక్కడ ఆ విచారణ పిల్లల బడి. (మనం పారిష్ అనేదాన్ని వాళ్లు తెలుగులో విచారణ అంటారు, ఫాదరుగారు విచారణ గురువు.) మన తెలుగు దేశంలో కతోలికులు కొద్దిమంది. వాళ్ల బడిలో హిందువుల పిల్లలు, ముస్లిముల పిల్లలే ఎక్కువ. కాబట్టి అమెరికా లెక్క ఇక్కడ పనికిరాదు. ఇక్కడ అడగవలసిన ప్రశ్న, తమ విచారణలోని బీద పిల్లవానికి ఆ బడిలో చోటుందా అనేది.

ఈ ప్రశ్న మేము బయట నుండి వేస్తున్నది కాదు. మనకు తుంగభద్ర అవతలే ఉన్న కర్నూలుకు 2008లో బిషప్పయిన పూల ఆంథోనీ గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితులలోనూ మొదటివారు. ఆయన చదువు పేదరికం వల్ల ఏడో తరగతితో ఆగిపోతే మిషనరీల సాయంతో మళ్లీ సాగింది. 2016 డిసెంబరులో భారత కతోలిక బిషప్పుల సమాఖ్య దళితుల కొరకు ఒక విధాన పత్రం ప్రకటించి, సంఘం లోపల కుల వివక్ష ఉన్నదని ఒప్పుకొన్నది. ఆ ఒప్పుకోలు మన సంఘాలకు తగలదని ఎవరైనా అంటే మేము నమ్మం.

మరి పిల్లవాని విశ్వాసం? రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు బడి పెట్టుకొనే హక్కు ఇచ్చింది. 28వ అధికరణం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఏ పిల్లవానినీ మతబోధలో కూర్చోబెట్టరాదని చెప్పింది. సాధారణంగా కతోలిక పిల్లలకు సత్యోపదేశం, మిగతా వారికి నీతి పాఠం ఉంటుంది. మీ పిల్లలు ఎందులో కూర్చోవాలో మీరే మర్యాదగా చెప్పండి, సిస్టరుగారు వింటారు. హన్నా సమూయేలును షిలోహులో విడిచినప్పుడు ఏలీ కుమారులు దుర్మార్గులే. అయినా ఆమె ఏటేటా చిన్న అంగీ కుట్టి పట్టుకొని వెళ్లేది. పిల్లవాణ్ణి ఏ బడిలో వేసినా ఆ అంగీ కుట్టే పని తల్లిదండ్రులదే. సండే స్కూలు మానిపించవద్దు.

అడ్మిషన్ ఫారంలో మతం, కులం గడులు నింపేటప్పుడు తొందరపడకండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులుగా మారిన దళితులకు ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో బీసీ-సీ కింద వస్తారు. అక్కడ రాసిన మాట టీసీలోకి ఎక్కి పిల్లవాని వెంట చాలాకాలం నడుస్తుంది. భార్యాభర్తలు ఇంట్లో కూర్చుని ప్రార్థించి, నిర్ణయించుకొని రాయండి.

జూన్‌లో బడులు తెరుస్తారు గనుక వీలైతే ఏప్రిల్‌లోనే ఒకసారి వెళ్లి రండి. ఫీజు రాయితీ ఎవరికిస్తారో అడగండి. ఆఫీసు గదిలో మాటలయ్యాక, సాయంత్రం బడి విడిచే వేళ గేటు దగ్గర కాసేపు నిలబడండి. మేస్త్రీ పిల్లలు, కూలికి పోయే అమ్మ పిల్లలు కూడా ఆ గుంపులో బయటికి వస్తున్నారేమో చూడండి.