తకాహే - కలివికోడి

హామిల్టనులోని మనవాళ్లలో చాలామంది సెలవురోజున పిల్లలతో మౌంగతౌతరి కొండకు వెళ్లే ఉంటారు. కొండ చుట్టూ 47 కిలోమీటర్ల కంచె ఉన్నది. లోపల నీలపు ఈకలు, ఎర్రని ముక్కు గల పెద్ద పక్షి గడ్డి మేస్తూ కనబడుతుంది. అది ఎగరలేదు. దాని పేరు తకాహే. దాని చరిత్ర తెలుగువారు ప్రత్యేకించి తెలుసుకోదగినది.

1898 తరువాత తకాహే అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1948 నవంబరులో ఇన్వర్‌కార్గిల్ డాక్టరు జెఫ్రీ ఆర్బెల్ దక్షిణ దీవిలోని మర్చిసన్ కొండలలో దానిని మళ్లీ కనుగొన్నాడు. ఆయన మా వృత్తివాడే కావడం నాకు సంతోషం. అయితే కనుగొన్నంత మాత్రాన పక్షి బతకదు. జింకలు దాని గడ్డి తినేవి. ముంగిసను పోలిన స్టోట్‌లు దానినే తినేవి. 1980ల మొదటికి సుమారు 120 మిగిలాయి.

1950ల చివర ఎల్విన్ వెల్ష్ అనే రైతు, మన ఊళ్లలో బాతుగుడ్లను కోడి కింద పెట్టినట్లే, తకాహే గుడ్లను పొట్టి కోళ్లచేత పొదిగించాడు. 1985లో బర్‌వుడ్‌లో పెంపక కేంద్రం వెలిసింది. గూటిలో రెండు గుడ్లున్నా సాధారణంగా ఒక పిల్లే దక్కుతుంది. అందుచేత రెండవ గుడ్డును తెచ్చి ఇంక్యుబేటరులో పొదిగించారు. పిల్లలు మనుషులకు మాలిమి కాకుండా, తకాహే తల బొమ్మను చేతికి తొడుక్కుని మేత పెట్టారు. నేడు ఆ పక్షులు సుమారు 500.

ఇక మన కలివికోడి సంగతి. 1848లో జెర్డాన్ అనే సైనిక వైద్యుడు దానిని లోకానికి తెలియజేశాడు. ఆయనా డాక్టరే! 1900 తరువాత అదీ మాయమైంది. 1986 జనవరిలో కడప జిల్లాలో ఐతన్న అనే వేటగాడు ఒక రాత్రి దానిని పట్టుకున్నాడు. పట్టిన పక్షి మాత్రం బతకలేదు. దానికోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. చాలా ఏళ్ల మౌనం తరువాత 2025లో దాని కూత మళ్లీ వినబడింది.

మరి తకాహే వలె దీనినీ పెంచరాదా? పెంచడానికి జంట కావాలి, లేదా గుడ్డు కావాలి. తెలిసినంతలో కలివికోడి గుడ్డు ఒక్కటే ఉన్నది. అదీ స్కాట్లండులో, ఆబర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియంలో! అందుచేత ప్రస్తుతానికి దానికున్న ఏకైక ఇంక్యుబేటరు కడప ముళ్లపొదల అడవే. ఆ పొదలను పనికిరాని బీడుగా భావించి నరికివేస్తే, రేపు ఎంత గొప్ప పెంపక కేంద్రం కట్టినా పొదిగించడానికి అందులో ఏమీ ఉండదు.