రాత్రికి రాత్రే కారు బ్యాటరీ దిగిపోతోందా? కొత్తది కొనే ముందు ఇది చూడండి

రాత్రి ఇషా తర్వాత కారు బాగానే ఇంటికి వచ్చింది. తెల్లారి ఫజర్‌కు వెళ్దామని తాళం తిప్పితే టక్ టక్ మనడం తప్ప ఏమీ లేదు. పక్కింటి వాళ్ల బండి నుంచి జంప్ ఇస్తే స్టార్ట్ అవుతుంది, మర్నాడు మళ్లీ అదే కథ. ఇలాంటప్పుడు చాలామంది నేరుగా బ్యాటరీ షాపుకు వెళ్తారు. వేలు పోసి కొత్తది వేయిస్తారు. కొన్నాళ్లకు అదీ దిగిపోతే అప్పుడు తెలుస్తుంది, తప్పు బ్యాటరీది కాదని. ఇంట్లో పెద్దవాళ్లో, నెలలు నిండిన ఆడపిల్లో ఉంటే అర్ధరాత్రి ఆస్పత్రికి బయల్దేరేటప్పుడు ఈ తంటా పడలేం. తీరిక ఉన్న రోజే తేల్చుకోవాలి.

కారణాలు మూడే. బ్యాటరీ చార్జి నిలుపుకోలేకపోవచ్చు. బ్యాటరీ బాగానే ఉన్నా, ఆపి ఉంచిన కారులో ఏదో ఒకటి కరెంటు తాగుతూ ఉండొచ్చు. లేదా కారు నడిచేటప్పుడు చార్జింగే సరిగా ఎక్కకపోవచ్చు. దేనికి దాని రిపేరు వేరు.

ఒక్క రాత్రి పరీక్ష

దీనికి మల్టీమీటర్ కావాలి. మామూలుది కొన్ని వందల్లో దొరుకుతుంది. హైదరాబాద్ వాళ్లయితే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. ముందు కారును గంటసేపు నడిపి, లేదా చార్జర్ పెట్టి బ్యాటరీ నింపండి. ఆపిన వెంటనే కొలిస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది కాబట్టి రెండు మూడు గంటలు ఆగాలి. మీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర వైరు ప్లస్‌కు, నల్ల వైరు మైనస్‌కు ఆనించండి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12.2 అంటే సగమే ఉన్నట్టు. ‘12 వోల్టుల బ్యాటరీలో 12 ఉంది కదా’ అనుకోవద్దు, అది దాదాపు ఖాళీ.

అంకె రాసుకుని, పానాతో మైనస్ వైరు ఊడదీసి, మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ ముందు విప్పుతుంటే పానా బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. చేతి ఉంగరం, గడియారం తీసేయండి. సెంట్రల్ లాక్ పని చేయదు, తాళం చెవి లోపల వదలొద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు వైర్ల జోలికి అసలు వెళ్లొద్దు.

పొద్దున మళ్లీ కొలవండి. అంకె బాగా పడిపోయిందంటే వైరు లేకుండానే బ్యాటరీ దిగిందన్నమాట, దాని పని అయిపోయింది. మన ఎండలకు మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీ ఇలా కావడం మామూలే. వారంటీ కార్డు ఒకసారి తీసి చూడండి. అంకె అక్కడే ఉంటే వైరు బిగించి స్టార్ట్ చేయండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ బలహీనమైందని అర్థం. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 12.5 దగ్గరే ఆగిపోతే ఆల్టర్నేటర్, అంటే మన మెకానిక్‌లు డైనమో అనేది, లేదా దాని బెల్టు చూపించండి. పిల్లల్ని స్కూల్లో దింపి రెండు కిలోమీటర్లలో తిరిగొచ్చే కారుకు కూడా చార్జి చాలదు.

కారే తాగుతుంటే

ఇక్కడ కొంచెం జమాఖర్చు చూడాలి. చిన్న కార్లలో 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ మామూలు. ఆరకుండా ఉండిపోయిన 5 వాట్ల డిక్కీ బల్బు 0.4 ఆంపియర్లు లాగుతుంది, పది గంటలకు 4 ఆంపియర్ అవర్లు. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ ఈ మాత్రానికి పడిపోదు. ఒక్క రాత్రిలోనే దిగిందంటే ఖర్చు అంతకంటే చాలా పెద్దదైనా అయి ఉండాలి, బ్యాటరీ ముసలిదైనా అయి ఉండాలి. చాలాసార్లు రెండూ ఉంటాయి. అందుకే బ్యాటరీ ఒక్కటే మార్చి ఊరుకుంటే సమస్య కొన్నాళ్లు దాక్కుంటుంది, అంతే.

ఆపిన కారు 50 మిల్లీ ఆంపియర్ల లోపు తీసుకోవడం సహజం. అదైనా రోజుకు 1.2, నెలకు 36 ఆంపియర్ అవర్లు! గల్ఫ్‌లో ఉన్న భాయ్ సెలవుకు వచ్చేదాకా ఇంటి ముందు ఆగి ఉన్న కారు స్టార్ట్ కాకపోతే అది రోగం కాదు. మైనస్ వైరు తీసి ఉంచితే చాలు.

అసలు ఖర్చు తెలియాలంటే మీటర్‌ను 10 ఆంపియర్లకు మార్చి, ఎర్ర వైరును ఆ రంధ్రంలోకి మార్చి, ఊడదీసిన మైనస్ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య పెట్టాలి. తలుపులన్నీ మూసి, తాళం చెవి దూరంగా పెట్టి అరగంట ఆగండి. కారులోని కంప్యూటర్లు నిద్రపోవడానికి అంత సమయం పడుతుంది. మీటర్ ఉండగా స్టార్ట్ చేయొద్దు, మీటర్ ఫ్యూజు పోతుంది. అరగంట తర్వాత కూడా 50 కంటే బాగా ఎక్కువ ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటి తీస్తూ చూడండి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్‌లోనే ఉన్నాడు. ఆ లైన్ దేనిదో ఫ్యూజు బాక్స్ మూత మీద ఉంటుంది. ఏది తీసినా తగ్గకపోతే డైనమోలో డయోడ్ పోయి ఉండొచ్చు, అది ఎలక్ట్రీషియన్ పని.

ఎక్కువగా అనుమానించాల్సింది బయట వేయించినవే: స్టీరియో, ఆంప్లిఫయర్, డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్. స్టీరియోకు పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండే లైన్‌కు, ఎర్ర వైరు తాళం తిప్పితే కరెంటు వచ్చే లైన్‌కు వెళ్లాలి. తొందరలో రెండూ ఒకే చోట కలిపేస్తే కారు ఆపినా సెట్ ఆరదు. ఎర్ర వైరు మార్పిస్తే సరిపోతుంది, పైసా సామాను అక్కర్లేదు. ఫాస్టాగ్ మీద మాత్రం అనుమానం వద్దు, దానికి కారు కరెంటుతో సంబంధమే లేదు. డిక్కీ బల్బు సంగతి తేలాలంటే ఫోన్‌లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూసేయండి.

రిపేరు అయ్యాక అదే చోట మీటర్ పెట్టి మళ్లీ కొలిపించుకునే డబ్బులివ్వండి. పూర్తిగా దిగిన బ్యాటరీని కారు నడిపి నింపుదామనుకోకుండా, షాపులో ఒక రాత్రి నెమ్మదిగా చార్జింగ్‌కు పెట్టించండి.