ఇల్లు దొరికింది, నేల దొరకలేదు



చారిటీలూ బిల్డర్లూ చేతులు కలిపి గూడు లేనివాళ్లకి ఇళ్లు కట్టించడం అనగానే ఎన్జీవోల్లో పనిచేసే మన మిత్రులు ముందు చెప్పే పేరు హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సుత్తి పట్టుకుని మేకులు కొడుతున్న ఫోటో మీరూ చూసే ఉంటారు. 1984లో న్యూయార్క్‌లో ఒక పాడుబడ్డ బిల్డింగు బాగుచేయడంతో మొదలుపెట్టి, వయసు మీదపడ్డాక కూడా ఆయన ఆ పనికి వెళుతూనే ఉన్నాడు. 2006లో మన దేశానికొచ్చి లోనావాలా దగ్గర మలవ్లిలో వంద ఇళ్ల పనిలో చేయి వేశాడు. అంతకన్నా చాలా ముందే, 1983లో, ఈ సంస్థ ఇండియాలో పని మొదలుపెట్టింది మన ఖమ్మంలో.

ఆ ఫోటో వెనక ఒక వెలి కథ ఉంది. దాని పక్క జిల్లాలోనే ఇంకో కథ ఉంది, దానికి ఫోటోల్లో చోటు దొరకలేదు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చదవాలని ఈ భాగం.

1942. అమెరికా దక్షిణాన జార్జియా రాష్ట్రం, సమ్టర్ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి. అక్కడ అమెరికస్ అనే చిన్న పట్నం బయట క్లారెన్స్ జోర్డన్, ఫ్లోరెన్స్ జోర్డన్ దంపతులు, మార్టిన్ ఇంగ్లండ్, మేబుల్ ఇంగ్లండ్ అనే ఇంకో జంట కలిసి 440 ఎకరాలు కొన్నారు. పేరు కోయినోనియా. గ్రీకు మాట, కలిసి పంచుకోవడం అని అర్థం. నలుగురూ తెల్లవాళ్లే. క్లారెన్స్‌కి వ్యవసాయంలో డిగ్రీ, గ్రీకు బైబిల్‌లో డాక్టరేట్ ఉన్నాయి. పని చేసిన నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ ఒకే కూలి ఇచ్చారు. మధ్యాహ్నం అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నారు.

మనకి ఇంత చెబితే చాలు, తర్వాతేం జరిగిందో మనమే చెప్పగలం. సహపంక్తి భోజనం ఫోటో కోసం ఒక్కరోజు చేస్తే అది సంస్కరణ. రోజూ చేస్తే, పైగా కూలి కూడా సమానంగా ఇస్తే, అది ఊరి మీద తిరుగుబాటు. 1950లో వాళ్ల చర్చి వాళ్లని వెలేసింది. 1956లో ఇద్దరు నల్ల విద్యార్థులు అట్లాంటాలో తెల్లవాళ్ల కాలేజీకి దరఖాస్తు పెట్టుకుంటే క్లారెన్స్ వాళ్ల తరఫున సంతకం చేయడానికి వెళ్లాడు. అంతే, మొత్తం కౌంటీ తలుపులు మూసేసింది. విత్తనాలు అమ్మరు, ఎరువు అమ్మరు, డీజిల్ పోయరు. బ్యాంకు అప్పివ్వదు, బీమా కంపెనీ బీమా చేయదు. రోడ్డు పక్కన వాళ్లు పెట్టుకున్న దుకాణాన్ని బాంబులతో పేల్చేశారు. రాత్రిపూట ఇళ్ల మీద కాల్పులు. 1957లో సంఘీభావంగా వచ్చి కాపలా కూర్చున్న డొరతీ డే కారు మీద కూడా తూటాలు పడ్డాయి. ఇదంతా విచారించడానికి కూర్చున్న గ్రాండ్ జ్యూరీ ఎవరిని తప్పుబట్టిందనుకున్నారు? కోయినోనియా వాళ్లనే. వీళ్లు కమ్యూనిస్టులు, బాంబులు కూడా సానుభూతి కోసం వీళ్లే పెట్టుకుని ఉంటారు అన్న దగ్గర తేలింది. కారంచేడు, చుండూరు చదివినవాళ్లకి ఈ తర్కం కొత్త కాదు.

స్థానికంగా ఎవరూ కొనకపోతే పీకాన్ పప్పుని పోస్టులో దేశమంతా అమ్ముకుని బతికారు. కానీ మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 1960ల నడుమకి వచ్చేసరికి ఫామ్ దాదాపు ఖాళీ.

క్లారెన్స్ ఇంకో పని కూడా చేశాడు. కొత్త నిబంధనని గ్రీకు నుంచి దక్షిణాది పత్తిచేల ఇంగ్లీషులోకి తెచ్చాడు. అందులో యేసుని సిలువ వేయరు, జార్జియాలో లించింగ్ చేస్తారు. క్లాసులో అనువాదాల మీద పాఠం చెప్పే మనిషిని కాబట్టి ఇక్కడ ఒక మాట. ఒక పుస్తకాన్ని మన వెలివాడలోకి తేవాలంటే పదాలు మారిస్తే సరిపోదు, అందులో చంపేవాళ్లు మన ఊళ్లో ఎవరో చెప్పగలగాలి. మన దగ్గర ఆ ధైర్యం చేసిన అనువాదాలు ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి.

సరే, ఇళ్ల సంగతికి వద్దాం. 1965 చివర్లో మిలార్డ్ ఫుల్లర్ అనే అలబామా లాయరు ఈ ఫామ్‌కి వచ్చాడు. పోస్టులో సరుకులు అమ్మే వ్యాపారంలో ముప్పై దాటకముందే లక్షాధికారి అయి, కాపురం కూలిపోయే స్థితి వచ్చాక ఆస్తి వదిలేసుకున్న మనిషి. 1968లో అతనూ క్లారెన్స్ కలిసి ఒక ఆలోచన చేశారు. చుట్టుపక్కల పాలికాపులుగా బతికిన నల్లవాళ్లని యంత్రాలు పొలాల నుంచి తరిమేస్తున్నాయి. ఉండేది కరెంటు, నీళ్లు, మరుగుదొడ్డి లేని చెక్క గుడిసెల్లో. అందుకని ఫామ్ భూమిలో 42 స్థలాలు కొలిచారు, ఒక్కోటి అర ఎకరం.

అర ఎకరం అంటే యాభై సెంట్లు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో పంచిన ఇళ్ల స్థలం పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. ఊరికే గుర్తుచేస్తున్నా.

డబ్బు పద్ధతి ఇలా పెట్టారు. విరాళాలూ వడ్డీలేని అప్పులూ కలిపి ఒక నిధి. ఇల్లు అసలు ఖర్చుకే ఇస్తారు, లాభం లేదు, వడ్డీ లేదు. వాయిదాలు తిరిగి నిధిలోకే వెళ్లి పక్కవాళ్ల ఇల్లు అవుతాయి. మొదటి ఇల్లు ఒక నల్ల దంపతులది. ధర 6,000 డాలర్లు. నెలకి 25 చొప్పున ఇరవై ఏళ్లు. వెచ్చదనం ఇచ్చే ఏర్పాటు, లోపలే బాత్రూమ్, వంటగది. గుడిసెలో చలికి వణికిన పిల్లలకి అది ఏమిటో మనకి ఎవరూ వివరించక్కర్లేదు.

ఆ ఇల్లు పూర్తయ్యేలోపే, 1969 అక్టోబరు 29న, క్లారెన్స్ చనిపోయాడు. శవాన్ని చూడాల్సిన కౌంటీ అధికారి ఫామ్‌కి రానన్నాడు. ఫుల్లరే శవాన్ని కారులో పెట్టుకుని పట్నానికి తీసుకెళ్లాడు. సరుకు పంపే చెక్కపెట్టెలో పెట్టి, గుర్తు రాయి కూడా లేకుండా పూడ్చారు. బతికుండగా వేసిన వెలి శవానికి కూడా వర్తించింది.

ఫుల్లర్ దంపతులు 1973లో జైర్ వెళ్లి అక్కడా ఇదే పద్ధతిలో ఇళ్లు కట్టారు. తిరిగొచ్చాక 1976లో హాబిటాట్ పెట్టారు. ఇల్లు పొందేవాళ్లు కొన్ని వందల గంటలు తమ చెమట పెట్టాలి, స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు కూలి లేకుండా పనిచేస్తారు, కంపెనీలు సామాను ఇస్తాయి. 2000ల తర్వాత ప్రొఫెషనల్ బిల్డర్లు తమ మేస్త్రీలనీ సబ్ కాంట్రాక్టర్లనీ తీసుకొచ్చి వారంలో ఇల్లు నిలబెట్టే కార్యక్రమాలూ వచ్చాయి. ఇందులో మోసమేమీ లేదు. వడ్డీ లేని ఇల్లు చిన్న విషయం కాదు. మన వాడల్లో ఇంటి అప్పుకి కట్టే వడ్డీ తెలిసినవాళ్లు దాన్ని తక్కువ చేసి మాట్లాడరు.

కానీ ఇప్పుడు సమ్టర్ కౌంటీ సరిహద్దు దాటి దక్షిణంగా, లీ కౌంటీలోకి రండి.

చార్లెస్ షెరాడ్, షెర్లీ షెరాడ్. చార్లెస్ 1961లో ఆల్బనీ ఉద్యమాన్ని నడిపిన విద్యార్థి నాయకుల్లో ఒకడు. షెర్లీ తండ్రి హోసీ మిల్లర్‌ని 1965లో ఒక తెల్ల రైతు కాల్చి చంపాడు. తెల్లవాళ్ల జ్యూరీ కేసు కూడా పెట్టలేదు. ఓటు నమోదు చేసుకున్న నల్ల పాలికాపుల్ని యజమానులు ఇళ్లలోంచి, పొలాల్లోంచి వెళ్లగొడుతుంటే వీళ్లకి ఒక సంగతి అర్థమైంది. ఇల్లు యజమాని పొలంలో ఉన్నంతకాలం ఓటు కూడా యజమానిదే. వీళ్లూ, స్లేటర్ కింగ్ వంటి సహచరులూ కలిసి 1969లో న్యూ కమ్యూనిటీస్ అనే సంస్థ పెట్టారు. దాదాపు 5,700 ఎకరాలు. భూమి ట్రస్టుది, ఎవరూ అమ్ముకోలేరు. కుటుంబాలు దీర్ఘకాలం లీజుకి తీసుకుని ఇల్లు కట్టుకుంటాయి, కలిసి సేద్యం చేస్తాయి. అమెరికాలో మొదటి కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టు ఇదే.

మన విద్యార్థులకి ఇక్కడ బాబాసాహెబ్ గుర్తుకు రావాలి. 1947లో స్టేట్స్ అండ్ మైనారిటీస్‌లో ఆయన అడిగింది ఒక్క గూడు కాదు. ప్రభుత్వ బంజర్లలో దళితులకి వేరే ఊళ్లు, వాటికోసం ఒక సెటిల్‌మెంట్ కమిషన్, భూమి ప్రభుత్వపరమై సామూహిక సేద్యం. ఊరి చివర బతుకుతూ ఊరి పొలంలో కూలికి పోయేవాడికి స్వేచ్ఛ ఉండదన్నది ఆయన లెక్క. షెరాడ్‌లు ఆయన్ని చదివారో లేదో కాదు, వెట్టి చేసినవాళ్లు ఎక్కడున్నా ఆ లెక్కకే వస్తారు.

న్యూ కమ్యూనిటీస్‌కి ఏమైంది? ప్రణాళిక వేసుకోవడానికి కేంద్రం డబ్బిచ్చింది. ఇళ్లూ బడులూ కట్టడానికి రావాల్సిన డబ్బు జార్జియాలోకి రాకుండా గవర్నర్ లెస్టర్ మాడాక్స్ అడ్డుపడ్డాడు. నల్లవాళ్లకి అన్నం పెట్టాల్సి వస్తుందని 1964లో తన హోటల్నే మూసేసుకున్న మనిషి అతను. అందువల్ల అనుకున్న ఊరు పూర్తిగా లేవనే లేదు. అప్పు తీర్చుకుంటూ పదిహేనేళ్లు సేద్యం మాత్రం చేశారు. కరువొచ్చినప్పుడు ప్రభుత్వ రైతు రుణ సంస్థ చుట్టుపక్కల తెల్ల రైతులకిచ్చిన అత్యవసర అప్పుని వీళ్లకి ఏళ్ల తరబడి నాన్చింది. 1985లో భూమి మొత్తం వేలంలో పోయింది.

అదే 1985 జులై 17 మనకి కారంచేడు. ప్రాణాలు దక్కినవాళ్లు చీరాల వచ్చి, తిరిగి ఆ ఊరు పోమన్నారు. చీరాలలో కాలనీ వచ్చింది. వాళ్లు తరతరాలుగా చెమటోడ్చిన పొలాలు మాత్రం కారంచేడులోనే, పెత్తందార్ల చేతుల్లోనే ఉండిపోయాయి.

మాడాక్స్ తర్వాత 1971లో జార్జియా గవర్నర్ అయింది ఎవరో తెలుసా? జిమ్మీ కార్టరే. పుట్టి పెరిగింది కోయినోనియా ఉన్న సమ్టర్ కౌంటీలోనే. ఆయన చేతిలో సుత్తిని నేను ఎగతాళి చేయడం లేదు, ఆ వయసులో ఆ పని ఎవరు చేస్తారు. ఒక తెల్ల ఫామ్ తన భూమిలోంచి నల్ల కుటుంబానికి అర ఎకరం ఇస్తే అది కష్టపడి అయినా ప్రపంచమంతా పాకింది, బిల్డర్లొచ్చారు, కంపెనీలొచ్చాయి, అధ్యక్షులొచ్చారు. నల్లవాళ్లే 5,700 ఎకరాల మీద కూర్చుని మా ఇళ్లు మేమే కట్టుకుంటామంటే ఆ పక్కకి ఒక్క సుత్తీ రాలేదు. ఖమ్మంలోనైనా, ఎక్కడైనా, ఇల్లు కట్టిస్తామని వచ్చేవాళ్లని మనం అడగాల్సిన మొదటి ప్రశ్న గోడల గురించి కాదు, ఆ స్థలం పక్కన సేద్యానికి నేల ఎవరిది అని.

2009లో, వేలం జరిగిన దాదాపు పాతికేళ్లకి, నల్ల రైతుల మీద వివక్ష కేసులో న్యూ కమ్యూనిటీస్‌కి దాదాపు 1.2 కోట్ల డాలర్ల పరిహారం దక్కింది. ఆ డబ్బుతో 2011లో ఆల్బనీ దగ్గర 1,600 ఎకరాల పైచిలుకు భూమి కొన్నారు. ఒకప్పుడు అది బానిసల చేత సేద్యం చేయించిన దొర ప్లాంటేషన్.

భూమి ట్రస్టు పేర, మనుషులకి లీజు అన్న ఈ పద్ధతిని మన 1977 అసైన్డ్ భూముల చట్టం పక్కన పెట్టి వచ్చే భాగంలో చూద్దాం. మీ ఊళ్లో అసైన్డ్ పట్టాలు ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉన్నాయో తెలిస్తే ఈలోపు రాయండి.