విద్యుత్ గ్రిడ్‌కు ముందస్తు పరీక్ష: లోడును అనుకరించే కన్వర్టర్లు

2020 ఏప్రిల్ 5వ తేదీ రాత్రి 9 గంటలకు దేశవ్యాప్తంగా ప్రజలు 9 నిమిషాల పాటు దీపాలు ఆర్పివేయడంతో విద్యుత్ వినియోగం స్వల్ప వ్యవధిలో దాదాపు 31 వేల మెగావాట్లు తగ్గింది. జలవిద్యుత్ ఉత్పత్తిని వేగంగా తగ్గించి, తిరిగి పెంచడం ద్వారా ఇంజనీర్లు గ్రిడ్‌ను నిలబెట్టగలిగారు. ఆనాడు సమయం ముందే తెలుసు. ముందస్తు సమాచారం లేకుండా వినియోగం మారితే గ్రిడ్ ఎలా స్పందిస్తుందో కోట్లాది వినియోగదారులపై ప్రయోగించి చూడలేము. ఆ పరీక్షను ప్రయోగశాలలోనే జరిపేందుకు ఉపకరించే సాధనం లోడ్ ఎమ్యులేటర్.

విద్యుత్తును వినియోగించే ప్రతి ఉపకరణమూ గ్రిడ్‌కు లోడే. అయితే అన్నీ ఒకే విధంగా ప్రవర్తించవు. వోల్టేజి తగ్గితే హీటరు తక్కువ కరెంటు తీసుకుంటుంది. కంప్యూటరు అదే శక్తి కోసం ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. మోటార్ల తీరు వేరు. వోల్టేజి బాగా పడిపోతే అవి తిరగడం ఆగిపోయి, సాధారణం కంటే అనేక రెట్లు ఎక్కువ కరెంటు లాగుతాయి. ఫలితంగా వోల్టేజి కోలుకోవడం మరింత ఆలస్యమవుతుంది. లక్షలాది వ్యవసాయ పంపుసెట్లు ఉన్న తెలుగు రాష్ట్రాలకు ఈ అంశం ముఖ్యమైనది.

ఎమ్యులేటర్‌కు మూలం పవర్ ఎలక్ట్రానిక్ కన్వర్టర్. ఇందులోని సెమీకండక్టర్ స్విచ్‌లు సెకనుకు వేలసార్లు పనిచేస్తాయి. సెన్సర్లు సరఫరాలోని వోల్టేజిని కొలుస్తాయి. ఆ క్షణంలో అసలు లోడు ఎంత కరెంటు తీసుకునేదో కంట్రోలర్ గణిత నమూనా ఆధారంగా లెక్కిస్తుంది. కన్వర్టర్ సరిగ్గా అంతే కరెంటు తీసుకుంటుంది. ప్రోగ్రాము మారిస్తే అదే పరికరం ఒకసారి నూలు మిల్లుగా, మరోసారి నివాస కాలనీగా, ఇంకోసారి విద్యుత్ వాహనాల ఛార్జింగ్ కేంద్రంగా ప్రవర్తిస్తుంది. తీసుకున్న విద్యుత్తును వేడిగా వృథా చేయకుండా మరో కన్వర్టర్ ద్వారా సరఫరాకు తిరిగి పంపే ఏర్పాటు కూడా ఉంటుంది. అప్పుడు ప్రయోగానికి బయటి నుంచి కావలసింది నష్టాలను భర్తీ చేసేంత విద్యుత్తు మాత్రమే.

అమెరికాలో నాక్స్‌విల్‌లోని టెన్నెసీ విశ్వవిద్యాలయం కేంద్రంగా 2011లో ఏర్పాటైన 'క్యూరెంట్' పరిశోధన కేంద్రం ఈ విధానంలో ఒక నమూనా గ్రిడ్‌ను నిర్మించింది. అందులో లోడ్లతో పాటు జనరేటర్లు, పవన, సౌర విద్యుత్ కేంద్రాలను కూడా కన్వర్టర్లే అనుకరిస్తాయి. కేవలం కంప్యూటర్‌లో జరిపే సిమ్యులేషన్‌కు భిన్నంగా ఇక్కడ తీగల్లో నిజమైన కరెంటు ప్రవహిస్తుంది. కొలతల్లోని లోపాలు, సంకేతాలు చేరడంలో జాప్యం వంటి వాస్తవ సమస్యలు కూడా పరీక్షలో బయటపడతాయి.

ఈ విధానానికి పరిమితులు ఉన్నాయి. స్విచ్‌ల వేగాన్ని మించిన మార్పులను కన్వర్టర్ అనుకరించలేదు. అంతకంటే కీలకమైనది నమూనా ఖచ్చితత్వం. ఒక ఫీడరుపై పంపుసెట్లు, ఏసీలు, పరిశ్రమల పాళ్లు రుతువును బట్టి, గంటను బట్టి మారుతుంటాయి. ఆ వివరాలను క్షేత్రస్థాయిలో కొలిచి నమూనాలో పొందుపరిస్తేనే ప్రయోగశాలలో తేలిన ఫలితం అసలు గ్రిడ్‌కు వర్తిస్తుంది.