జానంపేట రాక్షస గుళ్ళు

జానంపేట రాక్షస గుళ్ళు తెలంగాణ రాష్ట్రములోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, పినపాక మండలములో గోదావరి పరీవాహక ప్రాంతమున ఉన్న బృహత్ శిలాయుగపు సమాధులు. ఇవి భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్నవి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఈ ప్రాంతము ఖమ్మం జిల్లాలో ఉండేది.

పేరు

మనుషులు ఎత్తలేనంత పెద్ద బండలతో కట్టి ఉన్నందున వీటిని రాక్షసులు కట్టారని జనుల నమ్మకము. కొందరు రాక్షస గుళ్ళు అనీ, కొందరు రాక్షస గూళ్ళు అనీ వ్రాస్తారు. నిజానికి ఇవి గుడులూ కావు, గూళ్ళూ కావు. చనిపోయినవారి అస్థికలను ఉంచిన సమాధులు. పురావస్తు గ్రంథాలలో ఈ తరహా కట్టడాన్ని డోల్మెన్ అంటారు.

నిర్మాణము

ఇసుకరాతి పలకలను నిలువుగా పాతి గదివలె అమర్చి, పైన ఒకే పెద్ద బండను కప్పుగా వేశారు. చుట్టూ గుండ్రముగా రాళ్ళు పేర్చి ఉంటాయి. లోపల ఏకశిలను తొలిచి చేసిన తొట్టి వంటి రాతి శవపేటిక ఉండుట ఈ గోదావరి లోయ సమాధుల విశేషము. ఇదే లోయలోని మల్లూరు, కాటాపురం, దొంగతోగు వంటి చోట్ల సమాధులవద్ద శిలువను తలపించే మానవాకార శిలలు కూడా కనిపించాయి. 19వ శతాబ్దిలో చూసిన ఆంగ్లేయులలో కొందరు వీటిని క్రైస్తవ శిలువలుగా భావించారు. అయితే సమాధులు క్రైస్తవమతము పుట్టుకకు ముందునుండే ఆరంభమైనవి గనుక ఆ వాదము నిలువలేదు.

కాలము

డోల్మెన్లు నవీన శిలాయుగానికి చెందినవని వ్రాయుట తరచు కనిపిస్తుంది. పశ్చిమ ఐరోపా డోల్మెన్ల విషయములో అది చాలవరకు సరైనదే. దక్షిణ భారతములో మాత్రము నవీన శిలాయుగపు గుర్తులు నునుపుచేసిన రాతి గొడ్డళ్ళు, బూడిద దిబ్బలు. 1957లో ఆల్చిన్ త్రవ్విన మహబూబ్‌నగర్ ప్రాంతపు ఉట్నూరు దిబ్బ అటువంటిది. ఇక్కడి పెద్దరాతి సమాధులలో ఇనుప పనిముట్లు, నలుపు-ఎరుపు మట్టిపాత్రలు దొరుకుతాయి. కనుక ఇవి ఇనుప యుగానివి, అనగా సుమారు క్రీ.పూ. 1000 మొదలు క్రీస్తుశకారంభ శతాబ్దుల వరకు కట్టినవి.

పరిశోధన

నిజాం కాలములో వేక్‌ఫీల్డ్ వీటిని పరిశీలించి హైదరాబాదు పురావస్తు సంఘ పత్రికలో వ్రాశాడు. తరువాత రాష్ట్ర పురావస్తు శాఖకు చెందిన వి.వి.కృష్ణశాస్త్రి ఈ లోయలోని సమాధులను అధ్యయనము చేశాడు.

రక్షణ

1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టము జాతీయ ప్రాధాన్యము గల కట్టడాలకు వర్తిస్తుంది. 2010 సవరణ ప్రకారము రక్షిత ప్రాంతపు హద్దునుండి 100 మీటర్ల వరకు కొత్త కట్టడాలు నిషిద్ధము. ఆపైన మరి 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. కట్టడాన్ని పాడుచేసినవారికి 2 సంవత్సరాల వరకు జైలుగానీ, లక్ష రూపాయల వరకు జరిమానాగానీ, రెండూగానీ విధించవచ్చును.

చార్మినారు వంటి ఒంటి కట్టడానికి ఈ కొలత సులువు. సమాధులు అడవిలో, పొలాలలో చెదరి ఉంటాయి గనుక హద్దు దాటిన ప్రతి సమాధీ చట్టము బయటే మిగులుతుంది. కప్పు బండను ఇంటి పనికి పగులగొట్టుట, చేను చదునుచేయుట, గుప్తనిధుల ఆశతో త్రవ్వుట ఇటువంటి చోట్ల పెద్ద ముప్పు. నిధులకై త్రవ్వినవారికి దొరికేవి ఎముకలు, కుండపెంకులే. కానీ అవి ఏ పొరలో, ఏ వరుసలో ఉన్నాయన్నదే కాలనిర్ణయానికి ఆధారము; ఒకసారి కలగాపులగమైతే తరువాతి పరిశోధకునికి ఆ సమాధి ఏమీ చెప్పజాలదు.