పొలం నుండి బాంబరు విమానానికి: గోదావరి తీరం నుండి ఒక పరిశీలన

1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక ‘ర్యూజో’ నుండి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ప్రాణనష్టం స్వల్పమే. కాని ఆ భయానికి పట్టణవాసులు మూటాముల్లె సర్దుకొని లోతట్టు గ్రామాలకు తరలిపోయారు. అంతకు నెలరోజుల ముందే, మార్చి 8న, రంగూను జపాను వశమైంది. అక్కడి బియ్యపు మిల్లుల్లోను, రేవులోను కూలి చేసుకొని బతికిన తెలుగువారు (బర్మాలో వారిని ‘కోరంగీలు’ అనేవారు) వేల సంఖ్యలో కాలినడకన స్వదేశం పట్టారు. వశిష్ఠ గోదావరి కడలిని చేరే అంతర్వేది మొదలుకొని కాకినాడ దాకా గల తీరంలోని రైతుకు బాంబరు విమానం ఈ విధంగా, ఆకాశాన వచ్చిన ఆపదగానే పరిచయమైంది.

అదే యుద్ధంలో, అదే సామ్రాజ్యపు మరొక కొసన, ఒక రైతు స్వయంగా బాంబరు విమానం నడిపాడు. ఆయన పేరు లెస్ మన్రో. 1919 ఏప్రిల్ 5న న్యూజిలాండ్‌లోని గిస్‌బోర్న్‌లో జన్మించాడు. తండ్రి స్కాట్లండు నుండి వలస వచ్చినవాడు. మన్రో చదువు మధ్యలోనే ఆగి, పొలం పని జీవనాధారమైంది. వైమానిక దళంలో చేరగోరినపుడు అడ్డు వచ్చినది గణితం. చోదకునికి కావలసినంత చదువు ఆయనకు లేదు. పొలం పని మానకుండానే తపాలా ద్వారా పాఠాలు తెప్పించుకొని గణితం నేర్చి, 1941 జూలైలో దళంలో చేరాడు. ఆయన జీవితాన్ని వీరగాథగా చెప్పినవారు ఈ ఘట్టాన్ని ఒక వాక్యంతో దాటిస్తారు. చరిత్రకారుడు ఆగవలసిన చోటు ఇదే. చదువులోని లోటును పూడ్చుకొనే ఏర్పాటు ఆ రైతుకు తపాలాలో అందింది. ఆ తరువాతి శిక్షణకు కెనడాలో విమానాలు సిద్ధంగా ఉన్నాయి. 1939 డిసెంబరు 17న బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కుదుర్చుకొన్న శిక్షణ ఒప్పందం ఫలితమిది. ఆ ఒప్పందంలో భారతదేశానికి చోటు లేదు.

మన్రో పేరు చరిత్రకెక్కినది 1943 మే 16 రాత్రి జర్మనీ ఆనకట్టలపై జరిగిన దాడివల్ల. ఆయనకు నిర్దేశించినది సోర్పే ఆనకట్ట. హాలండు తీరం దాటుతుండగా ఫిరంగి గుండు తగిలి, విమానంలోని సిబ్బంది ఒకరితో ఒకరు మాట్లాడుకొనే సాధనం తెగిపోయింది. అంత తక్కువ ఎత్తున, మాట అందకుండా బాంబు వేయడం అసాధ్యం. మన్రో బాంబుతోనే వెనుదిరిగాడు. ఆ రాత్రి బయలుదేరిన 19 విమానాలలో 8 తిరిగి రాలేదు. 53 మంది వైమానికులు మరణించారు. తెగిన మోనే ఆనకట్ట వరదలో వెయ్యిమందికి పైగా కొట్టుకుపోయారు. వారిలో అనేకులు జర్మనీ బలవంతంగా పనికి తెచ్చిన పరదేశీయులు, ముఖ్యంగా సోవియట్ స్త్రీలు. ధవళేశ్వరం ఆనకట్ట నీరు గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి వస్తేనే పంట పండే రాజోలు సీమవారికి, ఆనకట్ట తెగడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఒక రైతును ఆనకట్ట కూల్చడానికి పంపినది ఆ యుద్ధం.

58 దాడులలో పాల్గొని బతికి బయటపడిన మన్రో స్వదేశానికి మరలి, భూముల విలువ కట్టే ఉద్యోగం చేసి, పిదప టె కుయిటి ప్రాంతంలో సేద్యం చేశాడు. వైటొమో జిల్లాకు మేయరయ్యాడు. 2015 ఆగస్టు 4న, 96వ ఏట మరణించాడు.

గోదావరి డెల్టా రైతుకు ఈ దారి ఎందుకు తెరుచుకోలేదు? సాహసం లేకనో, చదువు బొత్తిగా లేకనో అనడం సరికాదు. 1852లో పూర్తయిన ఆనకట్ట డెల్టాకు సిరినిచ్చింది. ఆ సిరి రైతుబిడ్డలను కాకినాడ పి.ఆర్. కళాశాల వంటి చోట్లకు చేర్చింది. అయితే చదువుకొన్న ఆ తరాన్ని జాతీయోద్యమం పిలిచింది. 1942 ఆగస్టులో వారిలో పలువురికి ఎదురైనది జైలు గుమ్మం. ఇక చదువు అందని రైతుకు తపాలా పాఠాలు పంపి చోదకుణ్ణి చేసుకోవలసిన అవసరం వలస ప్రభుత్వానికి కనిపించలేదు. హైదరాబాదు బేగంపేటలో వైమానిక శిక్షణాలయం ఉండేది. కాని ఆ గడప తొక్కడానికి ఆంగ్ల విద్య కావాలి. తరువాతి కాలంలో వాయుసేనాధిపతి అయిన హైదరాబాదీ ఇద్రిస్ హసన్ లతీఫ్ నిజాం కళాశాల విద్యార్థి.

తెలుగు తీరాన బాంబరు దళం ఏర్పడకపోలేదు. కాకినాడ దాడి జరిగిన ఎనిమిది నెలలకు, 1942 డిసెంబరు 1న, భారత వాయుసేన 7వ స్క్వాడ్రన్ విశాఖపట్నంలోనే ఆవిర్భవించింది. దానికిచ్చినవి ‘వెంజెన్స్’ అనే డైవ్ బాంబర్లు; చోదకుడు ముందు, తోడుగా మరొకడు వెనుక. 1944లో ఆ దళం అస్సాం నుండి లేచి, ఇంఫాల్ పోరులో జపాను స్థావరాలపై బాంబులు వేసింది. రెండేళ్ళ క్రితం బర్మా నుండి కాందిశీకులు నడిచివచ్చిన దారులలో ఒకటి ఆ ఇంఫాల్ మీదుగానే సాగింది.